నాలుగు దుబ్బులు, ఒక స్టూలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, ముఖ్య అతిథిగా వచ్చి, వచ్చిన దగ్గర్నుంచీ ఫోనులోంచి తల ఎత్తని కార్యదర్శి గారికి (నవ్వులు), పర్వాలేదండీ, చూసుకోండి, ముప్ఫై నాలుగేళ్ళుగా మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ నా మాటలు అలాగే విన్నారు, ఇవాళ కొత్తగా నొచ్చుకునేదేం లేదు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరసలో కూర్చుని "ఈవిడ ఏం మాట్లాడి కొంప ముంచుతుందో" అని గుండె అరచేతిలో పెట్టుకున్న మా ఆయనకు, ఆయన చెయ్యి నొక్కి ధైర్యం చెబుతున్న మా అమ్మాయికి, రేపటినుంచి నా గదిలో, ఒక రెక్క వంగిన నా ఫ్యాను కింద కూర్చోబోతున్న జూనియర్ శాస్త్రవేత్త తమ్ముడికి, ఉపన్యాసాలు వినడానికి కాకుండా సభ అయ్యాక బస్సులో పై బీడుకి తీసుకెళ్తారంటే వచ్చిన కాలేజీ పిల్లలకు, అందరికంటే వెనక, తలుపు పక్క కుర్చీలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా బాబాయికి, నమస్కారాలు.

నాకంటే ముందు ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ నన్ను ప్రకృతి ప్రేమికురాలు అన్నారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి 'పచ్చదనానికి తల్లి' అన్నారు. అయ్యా, ఈ హాల్లో ఉన్న మీరంతా కలిసి పుట్టి బుద్ధెరిగి తొక్కిన గడ్డికంటే నేను ఒక్కదాన్ని చంపిన గడ్డి ఎక్కువ. (నవ్వులు) నా ఉద్యోగం ప్రేమించడం కాదు, పీకడం. ఎక్కడినుంచో వచ్చి, ఇక్కడి మొక్కల నోటికాడ కూడు లాక్కుని, ఇక్కడి పిట్టలకు నిలువ నీడ లేకుండా చేసే మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, ఎండబెట్టి, తగలబెట్టించడం. అలాంటి మనిషిని పట్టుకుని పచ్చదనానికి తల్లి అంటే, పళ్ళు పీకే డాక్టరుని పళ్ళకు తండ్రి అన్నట్టుంది. ఆ మాట అన్నవారు నొచ్చుకోకండి. మీరు నా గురించి ఏమీ తెలుసుకోకుండా ఇరవై రెండు నిమిషాలు మాట్లాడగలిగారు, అది మన శాఖలో చాలామందికి ఉన్న విద్యే.

ఇక ఈ పూలకుండీల సంగతి. వేదికకు అటొకటి ఇటొకటి, నడుమెత్తు ఇత్తడి కుండీలు. వాటినిండా తెల్లగా, మెత్తగా, ఫ్యాను గాలికి వయ్యారంగా ఊగుతున్న గడ్డికుచ్చులు. చాలా అందంగా ఉన్నాయి. అలంకరణ కమిటీ ఎవరండీ? చేతులెత్తండి. (ఎవరూ ఎత్తలేదు. నవ్వులు) ఇందాక డైరెక్టరు గారు అభినందించినప్పుడు నలుగురు లేచి నిలబడి చుట్టూ తిరిగి దణ్ణం పెట్టారే, వాళ్ళేమయ్యారు? తల్లీ, మూడో వరస, మీరే కదూ? ఎక్కడ కోశారు వీటిని? "చెరువు గట్టు మీదండీ, ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయండీ" అంటోంది. ఎందుకుండవమ్మా, ఆ గట్టు మీద అవి తప్ప ఇంకేం మిగల్లేదు.

దీని పేరు వెండికుచ్చు. పేరు ఎవరు పెట్టారో గాని పెళ్ళిసంబంధానికి పనికొచ్చేలా పెట్టారు. ముప్ఫై నాలుగేళ్ళూ నేను చంపుతూ వచ్చిన గడ్డి ఇదే. నా వీడ్కోలు సభకు దాన్నే కోసుకొచ్చి, కుండీలో పెట్టి, నా రెండు పక్కలా నిలబెట్టారు. ఇంకే ఆఫీసువాళ్ళూ చెయ్యలేరు ఈ పొరపాటు. ఇంకే ఆఫీసుకీ ఈ గడ్డిని అరికట్టే విభాగమంటూ లేదు కదా! ఒక్కో కుచ్చులో రెండు మూడు వేల గింజలుంటాయి. నువ్వుగింజలో సగం కూడా ఉండవు, ప్రతి గింజకీ కొసన కొక్కెంలా వంగిన నూగు ఉంటుంది. చీర అంచుకీ, మేజోళ్ళకీ, సంచీ కుట్లకీ పట్టుకుందంటే వదలదు. ఇందాకటినుంచి కార్యదర్శి గారి కోటు ఎడమ భుజం మీద నేను పద్నాలుగు లెక్కపెట్టాను. (కార్యదర్శి గారు భుజం దులుపుకోబోయారు) దులపకండి! కింద పడితే బూట్లకు అంటుకుంటాయి. కదలకుండా కూర్చోండి. ఫోను చూసుకోండి. (నవ్వులు)

ఈ గడ్డిని ఈ ప్రాంతానికి తెచ్చిందెవరని కాలేజీ పిల్లలు అడుగుతారు. మనమే తెచ్చాం. నేను ఉద్యోగంలో చేరేనాటికి మన ఆఫీసు మెట్లకు అటో దుబ్బు, ఇటో దుబ్బు ఉండేవి, అందం కోసం. చేరిన రెండో నెలలో అప్పటి డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన్ని మేం చాటుగా 'రేపు చూద్దాం గారు' అనేవాళ్ళం, చాటుగా అన్నా ఆయనకు తెలుసు, ఆ పేరు సంగతి కూడా రేపు చూద్దామనుకున్నారేమో ఎప్పుడూ అడగలేదు. "సార్, రెండు దుబ్బులు, ఒక గునపం, అరగంట పని, నేనే తవ్వేస్తాను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అమ్మాయ్, ఫొటోల్లో బాగుంటోంది కదా, రేపు చూద్దాం" అన్నారు. ఆయన 'రేపు' రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆలోగా ఆ గడ్డి ప్రహరీ దాటింది, రోడ్డు దాటింది, చెరువు చుట్టూ తిరిగి వచ్చింది. అప్పుడాయన అత్యవసర సమావేశం పెట్టి, ఒక కమిటీ వేసి, రిటైరయ్యారు.

తరవాతివాళ్ళు ఆయన్ని తలదన్నారు. ఏటా కలుపు తొలగింపు దినమని ఒకటి చేస్తున్నాం కదా, టోపీలు, బ్యానరు, మైకు. పెద్దలు తలా ఒక మొక్క పీకుతారు. ఫొటోగ్రాఫరు "సార్, ఇంకాస్త పైకెత్తండి, కుచ్చు కనపడాలి, కాస్త ఊపండి" అంటాడు. సార్ ఊపుతారు. ఆ ఊపుకి ఎన్ని వేల గింజలు గాలికెళ్ళాయో నాకు తెలుసు, సారుకి అక్కర్లేదు. పీకిన పోగంతా పైన కప్పు లేని లారీకెత్తి ఊరి మధ్యనుంచి ఊరేగిస్తారు. పూతకు రాకముందే పీకండి మహాప్రభో అని పదహారు ఉత్తరాలు రాశాను. ఒకే ఒక్క జవాబు వచ్చింది, పూత లేకపోతే కార్యక్రమానికి నిండుదనం రాదని. ఆ లారీ వెళ్ళిన దారి వెంబడి మరుసటి ఏడు ఎక్కడెక్కడ కొత్త దుబ్బులు లేచాయో మ్యాపు గీసి చూపిస్తే, "రంగులు భలే వేశారు మేడం" అన్నారు. చేతులు దులుపుకోవడం మన శాఖకు వెన్నతో పెట్టిన విద్య, ఎక్కడ దులుపుకుంటున్నామో చూసుకోకపోవడమే వచ్చిన చిక్కు.

మా ఆయన గడియారం చూపిస్తున్నారు. ఇంకాసేపు ఓర్చుకోండి. ఇంతవరకూ మీ అందరినీ అన్నాను, ఇక అనవలసిన మనిషి ఇంకొకరున్నారు.

పై బీడు మీలో చాలామంది చూసే ఉంటారు. చెరువుకు పైన రాతి మెట్ట మీద విశాలమైన గడ్డినేల. పొట్టి గడ్డి, మధ్యమధ్య ఎర్రటి ఉత్త నేల. ఆ ఉత్త నేల మీదే అలకపిట్ట గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికెళ్తే ఎగిరిపోదు, వీపు తిప్పుకుని నడిచి వెళ్ళిపోతుంది, అందుకని మావాళ్ళు ఆ పేరు పెట్టారు. పెళ్ళైన కొత్తలో నేనూ అలాగే చేసేదాన్ని. (నవ్వులు) కొత్తలోనే కాదంటున్నారు మా ఆయన. దాని పిల్ల గుడ్డులోంచి బయటపడ్డ రోజే పరుగెత్తాలి, పరుగెత్తడానికి ఖాళీ నేల కావాలి. వెండికుచ్చు లేచిన చోట ఖాళీ ఉండదు. పిల్లకి దారి దొరకదు, తల్లికి పిల్ల కనపడదు. నేను చేరిన ఏడు అక్కడ అరవై ఒక్క గూళ్ళు చూశాను. ఈ ఏడు తొమ్మిది.

చెరువు గట్టంతా ఆ గడ్డి పట్టేసినా, పదిహేనేళ్ళపాటు పై బీడు మీద ఒక్క దుబ్బు కూడా మొలవలేదు. ఎందుకు మొలవలేదో ఇవాళ మాట్లాడిన ఆరుగురిలో నలుగురు చెప్పారు, గేటు దగ్గర గింజలు దులిపే పద్ధతి నేను కనిపెట్టానని. అచ్చయిన వ్యాసాల్లోనూ అలాగే ఉంది. నేను కనిపెట్టలేదు. ఆ వెనక కూర్చున్న బాబాయి కనిపెట్టాడు.

బాబాయి పై బీడు గేటు కాపలాదారు. నాకంటే ఏడాది చిన్న. మొదటిరోజే ఆ మీసం చూసి నోటమ్మట బాబాయని వచ్చేసింది, ఆయన నన్ను అమ్మా అన్నాడు, వరస కుదరకపోయినా అలాగే ఉండిపోయాం. నేను మొదటిసారి వెళ్ళేసరికే గేటు దగ్గర ఒక బల్ల, ఒక రేకు పళ్ళెం, గట్టి కుచ్చు ఉన్న ఒక బ్రష్షు పెట్టుకుని ఉన్నాడు. "కూర్చోండమ్మా. బూట్లు. మేజోళ్ళు. ప్యాంటు మడత విప్పండి. జేబులు. సంచీ బోర్లించండి." రాలినదంతా పళ్ళెంలోకి దులిపి అక్కడే పొయ్యిలో వేసేవాడు. నాకు నవ్వొచ్చింది. చదువుకుని వచ్చినదాన్ని కదా! "నాకా బాబాయ్ చెప్తున్నావు?" అన్నాను. "మీరెవరో గింజకి తెలీదు కదమ్మా" అన్నాడు. ఆ మాటను నేను పదకొండు పేజీల వ్యాసంగా రాశాను. దాన్ని చదవడానికి విమానమెక్కి వెళ్ళాను. బాబాయి గేటు దగ్గరే ఉన్నాడు.

పందొమ్మిదేళ్ళ కిందట, గూళ్ళు పెట్టే రోజుల్లో ఒక ఉదయం, తెల్లారినప్పటినుంచీ చెరువు గట్టున కుచ్చులు కోయిస్తున్నాను. పైన పిల్లలు బయటికొచ్చాయని కబురొచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్ళాను. బల్ల మీద కూర్చున్నాను, బూట్లు దులిపాను, మేజోళ్ళు దులిపాను, సంచీ బోర్లించాను, అన్నీ చేశాను. వీపున ఒక మడత స్టూలు తగిలించుకుని ఉన్నాను, కాన్వాసు సీటు, కాళ్ళకు గుడ్డ తొడుగులు ఉన్నది, గట్టున నేను పొద్దుటినుంచీ వేసుకు కూర్చున్నది. బాబాయి దానివంక చూసి, "అమ్మా, స్టూలు కూడా" అన్నాడు. నేను అప్పటికే గేటు లోపల ఉన్నాను. వెనక్కి తిరక్కుండా, "వచ్చాక చూద్దాం బాబాయ్" అన్నాను.

'రేపు చూద్దాం గారు' అని ఆ పెద్దమనిషిని ఎన్నేళ్ళు ఎగతాళి చేశానో మీకు తెలుసు. ఆయన కనీసం కళ్ళజోడు తుడుచుకునేంతసేపైనా ఆలోచించారు.

మరుసటి ఏడు సెలవులో ఉండి ఆలస్యంగా పైకి వెళ్ళాను. నేను కూర్చున్న చోట నాలుగు దుబ్బులు. మూరెడేసి దూరంలో, నలుపలకలుగా, ముగ్గు చుక్కలు పెట్టినంత సరిగ్గా. ఎవరినీ అడగక్కర్లేదు, స్టూలు తెచ్చి ఆ నాలుగు చోట్లా కాళ్ళు ఆనించి చూశాను. సరిపోయాయి. నాలుగూ పీకి సంచీలో కుక్కుకుని దిగొచ్చేశాను, ఎవరికీ చెప్పలేదు. అప్పటికే రెండు దుబ్బులు కుచ్చు వేసి రాల్చేశాయి. ఆ తరవాతి ఏడు నలభై లేచాయి.



విచారణ ఈ హాల్లోనే జరిగింది. కమిటీలో ముగ్గురు, ముగ్గురిలో ఒక్కరూ పై బీడు ఎక్కినవాళ్ళు కారు. బాబాయి చెరువు గట్టు మీదుగా సైకిలు తొక్కుకుంటూ పనికొస్తాడని కనిపెట్టారు. "సైకిలు గేటు బయటే పెడతాను సార్" అన్నాడాయన. రాసుకునే గుమాస్తా ఏం రాశాడో నేను తరవాత చూశాను, 'సైకిలు ఉన్నట్టు కాపలాదారు అంగీకరించాడు' అని రాశాడు. ఆ తరవాత నిపుణురాలి అభిప్రాయం అడిగారు, అంటే నాది. "మేడం, టైర్ల ద్వారా గింజలు వచ్చే అవకాశం ఉందా?" అన్నారు. ఇప్పుడు కార్యదర్శి గారు కూర్చున్నారే, సరిగ్గా అక్కడే నిలబడ్డాను. బాబాయి నావంక చూస్తున్నాడు. "అవకాశం లేకపోలేదు" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఏ పత్రికకు పంపినా అచ్చు వేస్తారు. ఆ ఒక్క మాటకు ఆయన రికార్డులో 'నిర్లక్ష్యం' అని ఎక్కింది, రావలసిన ప్రమోషను రాలేదు, గేటునుంచి తీసి పాత టైర్ల షెడ్డుకు వేశారు. ఎగతాళికి కాదు, ఖాళీ అక్కడే ఉందట. గేటు దగ్గర మనిషి బదులు బోర్డు పెట్టాం, 'దయచేసి పాదరక్షలు శుభ్రం చేసుకోగలరు' అని. బోర్డు పక్కన పెట్టిన కొత్త బ్రష్షుని మొదటి వారంలోనే ఎవరో పట్టుకుపోయారు. మిగతాది మీకు తెలుసు, అరవై ఒక్క గూళ్ళు తొమ్మిదయ్యాయి.

నేను ఒప్పుకోలేదని ఎవరూ అనడానికి వీల్లేదు. పదకొండేళ్ళ కిందట రాతపూర్వకంగా ఒప్పుకున్నాను. ఆ ఏటి వార్షిక నివేదిక నలభై ఏడో పేజీలో, అడుగున చిన్న అక్షరాల్లో, 'తొలి మొలకలు ఈ రచయిత స్టూలు ద్వారా వచ్చినవి, సైకిలు ద్వారా కాదు' అని రాశాను. ఐదుగురు సంతకాలు చేశారు. 'కూలంకషంగా పరిశీలించడమైనది' అని ముద్ర కూడా వేశారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు వేదిక మీద ఉన్నారు. (ఒకాయన మంచినీళ్ళు తాగారు) నిదానంగా తాగండి, పొలమారుతుంది. చదవరని, చదవకుండా సంతకాలు పెడతారని ఇన్నేళ్ళూ మిమ్మల్ని నోరారా తిట్టాను. కానీ ఆ మాట ఎవరి కంటా పడకూడదంటే ఎక్కడ రాయాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మీరు చదవరని తెలిసే అక్కడ రాశాను. మిమ్మల్ని తిడుతూ మీ చాటునే దాక్కున్నాను. సిగ్గుగా ఉంది. ఈ సంగతి మా ఆయనకు కూడా ఇప్పుడే తెలిసింది. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామండీ.

పోయిన వారం టైర్ల షెడ్డుకు వెళ్ళాను. బాబాయి చిరిగిన సీటు కవరేదో కుడుతున్నాడు. స్టూలు వేసి కూర్చోబెట్టాడు. మొత్తం చెప్పాను. సూది ఆపలేదు.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"మీరు పీకిన నాలుగు గుంటలూ చూశాను కదా. సైకిలుకి నాలుగు కాళ్ళుండవు."

"మరి విచారణలో ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"మీరు చెప్తారని చూశాను."

అంతే అన్నాడు. నాకు టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

డైరెక్టరు గారూ, ఈ కవరులో నా వాంగ్మూలం ఉంది. దాంతోపాటు పాత విచారణ తీర్పు రద్దు చేస్తూ, బాబాయిని తిరిగి పై బీడు గేటుకు వేస్తూ ఉత్తర్వు కూడా టైపు చేయించి పెట్టాను, మీకు శ్రమ లేకుండా. ఇవాళ సాయంత్రం ఐదింటిదాకా నేను ఈ శాఖ అధికారిని, నా మాటకు ఫైలులో చోటుంటుంది. ఐదు దాటితే రిటైరైన ముసలావిడ సొద. ఆయనకు ఇంకా పదకొండు నెలల సర్వీసుంది. చదివి సంతకం పెట్టండి. పూర్తిగా చదవండి, ఎంతసేపైనా నిలబడతాను. రేపు చూద్దాం అని మాత్రం అనకండి.

(డైరెక్టరు గారు చదివారు. జేబులు తడుముకున్నారు.)

పెన్ను నా దగ్గరుంది. ఇదిగో.

(డైరెక్టరు గారు సంతకం పెట్టారు. చప్పట్లు) ఆపండి, ఆపండి, చేతులు అలా ఆడిస్తే గింజలు లేస్తాయి. (నవ్వులు)

ఇంకొక్క పని. ఈ బల్ల మీద నా సామాను ప్రదర్శనకు పెట్టారు. బైనాక్యులర్స్, నోటు పుస్తకాలు, అదిగో, ఆ స్టూలు. దాని మీద చీటీ చూడండి, 'మేడం గారు దీనిమీద కూర్చుని పై బీడును కాపాడారు' అని రాశారు. దీన్ని అద్దాల పెట్టెలో పెట్టి పై బీడు మీద ఉంచుతారట, పక్కన నా పేరు చెక్కిన రాయి. పెట్టె ఉంచండి, చీటీ మార్చండి. 'పై బీడుకు వెండికుచ్చును తెచ్చిన స్టూలు' అని రాయండి, పిల్లలకు పనికొస్తుంది. రాయిని బోర్లా తిప్పి గేటు దగ్గర వేయండి, బూట్లు దులుపుకునేవాళ్ళు కూర్చుంటారు.

ఇప్పుడు బస్సు సంగతి. మీరంతా గంటన్నర నుంచి ఈ కుచ్చుల గాలిలో కూర్చున్నారు. మీలో ప్రతి ఒక్కరి ఒంటిమీదా గింజలున్నాయి. పైన తొమ్మిది గూళ్ళున్నాయి, నాలుగింటిలో గుడ్లున్నాయి. తమ్ముడూ, ఆ కిటికీలు ముయ్యి, కుండీల మీద దుప్పటి కప్పు, గాలి తగలనివ్వకు, ఇక ఇది నీ పని. పక్క తలుపులకు పొద్దున్నే తాళం వేయించాను. వెనక తలుపు ఒక్కటే ఉంది. అక్కడ బాబాయి ఉన్నాడు, ఒళ్ళో సంచీ ఎందుకు తెచ్చుకున్నాడో అనుకుంటున్నారేమో, అందులో రేకు పళ్ళెం, బ్రష్షు ఉన్నాయి. పదిహేడేళ్ళూ షెడ్డులో అలాగే దాచుకున్నాడట. ఆయన ముందు కూర్చోకుండా ఎవరూ బస్సెక్కరు. తొందరున్నవాళ్ళు ఇంటికి వెళ్ళండి. కార్యదర్శి గారూ, మీరూ కూర్చోవలసిందే. మీరెవరో గింజకు తెలీదు.

నన్ను ఇన్నేళ్ళు భరించిన ఈ శాఖకు, నా మాటలు పడ్డవాళ్ళకు, పడాల్సి ఉండీ తప్పించుకున్నవాళ్ళకు, మా ఆయనకు, మా అమ్మాయికి, అందరికీ ధన్యవాదాలు. వరసలో మొదట నేను కూర్చుంటాను. బాబాయ్, వస్తున్నా. బూట్లు, మేజోళ్ళు, సంచీ. ఈసారి స్టూలు కూడా తెస్తున్నాను.

సెలవు.